టికే రుహొ

పర్లాకిమిడి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నాది.
కరెంటు పోయి అప్పటికి గంట.
ఈసీజీ మిషను బ్యాటరీ మీద నడుస్తూ
గులాబి గళ్ల కాగితాన్ని
కొమ్ముని చిత్రిక పడితే లేచే పొరలా
చుట్టలు చుట్టలుగా బయటికి తోస్తోంది.

మంచం మీద దండాసి.
చిన్న రైలు నడిచిన రోజుల్లో గేట్‌మేన్.
ఊళ్లో సగంమంది అతని మొహం మరిచిపోయారు గానీ
కేక మరవలేదు.
సైకిళ్లకి, ఎడ్లబళ్లకి, పెళ్లిబస్సులకి,
తెలుగోడా ఒడియావాడా అని చూడకుండా
చెయ్యెత్తి అరిచేవాడు "టికే రుహొ!"
కాసేపాగండి.

రబ్బరు బుడ్డీలు ఆరు, ఎడమ పక్కన అతికించాను.
జెల్లు చల్లదనానికి ఉలిక్కిపడి
"కరెంటెడతావేటమ్మా?" అన్నాడు.
పెట్టను తాతా, చూస్తాను.
నీలోంచి వచ్చేదే.

కుడి పై గదిలో, పెద్ద సిర వచ్చి కలిసే చోట
చిటికెడు కండ.
దానికి ఎవరూ టైము చెప్పరు.
గోడలోంచి ఉప్పు ఊరీ ఊరీ
ఒక గట్టు దాటగానే పొంగుతుంది.
ఆ పొంగు పక్క కణానికి, అది దాని పక్కదానికి,
సంతలో పుకారు పాకినట్టు.
పై గదులు ముడుచుకుంటాయి.

అక్కడ, పై గదులకీ కింది గదులకీ నడుమ
ఒక గేటు.
వచ్చిన కబురుని సెకనులో పదోవంతు ఆపుతుంది.
ఆ కాస్త ఆగడంలోనే పై నెత్తురు కిందికి దిగాలి.
ఆగకపోతే, సగం నిండని గదుల్ని పిండుకుంటుంది గుండె.

గేటు లేచాక ఒకటే పరుగు.
అడుగుదాకా దిగి, వేళ్లలా చీలి,
ఒక్కో కండపోగులో సున్నం తలుపు తడుతుంది.
తాంబూలంలో పూసుకునేదానికి చుట్టమే అది.
పోగులు చేతులు మార్చుకుంటూ మోకు లాగుతాయి.
తడిగుడ్డని మెలితిప్పినట్టు
అడుగునుంచి పైకి గుండె తిరుగుతుంది.
అయ్యాక, ఆ సున్నాన్ని మళ్లీ దాని కొట్లోకి తోడిపోయాలి.
పట్టుకోడానికే కాదు
వదలడానికీ ఖర్చవుతుంది బలం.
చదువుకున్న రోజున ఇది నమ్మలేదు నేను.
మా అమ్మ బిగిసిన పిడికిలి
విప్పలేకపోయిన రోజున నమ్మాను.

దండాసి కాగితంలో
పై గదుల చిన్న మెట్టలు వాటి దారిన అవి, నిమిషానికి ఎనభై.
కింది గదుల గీతలు వాటి దారిన అవి, ముప్పై నాలుగు.
ఒకదాని సంగతి ఒకదానికి తెలీదు.
గేటు పడింది. లేవడం లేదు.

కాళ్ల దగ్గర కూచున్న గున్నమ్మ
"ఏటి రాసిందమ్మా అందల?" అంది.
జవాబు దొరక్క నేను అతన్నే అడిగాను:
స్టేషను నుంచి వచ్చే ఫోను చచ్చిపోతే
ఏం చేసేవాడివి తాతా?

"ఏటి సేత్తాం, లాంతరట్టుకుని
పట్టాకి సెవి ఆనించి కూకునీవోణ్ణి.
బండొచ్చీది తెలిసీది.
ఆలీసమయినా
గేటెయ్యడం మాన్లేదు."

అదేనమ్మా రాసింది, అన్నాను గున్నమ్మతో.
పైనుంచి కబురు రాక
కింది గదులు చీకట్లో చెవి ఆనించి
వాటంతటవే కొట్టుకుంటున్నాయి, మెల్లగా.
ఎంతసేపో చెప్పలేను.
బరంపురంలో భుజమెముక కింద
అగ్గిపెట్టెంత పెట్టె పెట్టి
లోపలికి ఒక తీగ దింపుతారు.

అంబులెన్సులో నేనూ ఎక్కాను.
ఊరు దాటకముందే గేటు పడింది,
గుణుపురం బండికి.
డ్రైవరు హారను కొట్టి కొట్టి
దిగి, తిట్టి, మళ్లీ ఎక్కాడు.
పడుకున్నవాడు చెయ్యెత్తాడు, సెలైను గొట్టంతో సహా.
పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు గానీ
ఆ మాట ఈ ఊళ్లో ఎవరికి తెలీదు?

మణికట్టు మీద నా వేళ్లు.

ఒకటి.

పెట్టెలు పోతూనే ఉన్నాయి.

రెండు.